పాట ఒక్కటీ లేని పాటల యాప్

మా నాన్నగారి బీరువాలో పదకొండు నోటు పుస్తకాలున్నాయి. లెక్కల మాస్టారుగా పనిచేసిన రోజుల్లో ఆయన ప్రతి పేజీనీ నాలుగు గడులుగా గీసి, రేడియోలో పాట మొదలయ్యే ముందు అనౌన్సరు చెప్పే వివరాలను, అంటే చిత్రం, రచన, సంగీతం, గానం అనే వరుసలో, పొల్లు పోకుండా రాసుకునేవారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. నాన్నగారు పుట్టింది 1950లో. "ఆ స్టేషను నాకంటే రెండేళ్లు పెద్ద" అని ఇప్పటికీ దగ్గరి బంధువు గురించి చెప్పినట్టే చెబుతారు. భక్తిరంజని అయ్యేలోపు కాఫీ, వార్తలయ్యేలోపు స్నానం అన్నది చాలా ఏళ్లపాటు మా సత్యనారాయణపురం ఇంటి గడియారం.

2025 వేసవిలో ఒకరోజు ఆయన ఫోనులో ఒక పాత పాట పెట్టి ఇచ్చాను. పాటంతా కళ్లు మూసుకుని విన్నారు. ఆ తరువాత కళ్లజోడు సవరించుకుని, తెరను దగ్గరగా పట్టుకుని చూసి, "రాసిందెవరో వేయలేదేమ్మా?" అని అడిగారు. నేను వేలితో అటూ ఇటూ జరిపి, మెనూలో ఎక్కడో లోపల దాగి ఉన్న వివరాల పేజీ తెరిచి చూపించాను. "పాట కంటే ముందు చెప్పాల్సిన ముక్కను ఇంత లోపల పెట్టారేం?" అన్నారు. ఫోను యాప్‌లు రాయడమే నా ఉద్యోగం. కానీ ఇంతవరకూ రాసినవన్నీ బిల్లులకూ సరుకు లెక్కలకూ సంబంధించినవే. నాన్నగారి కోసం ఒక పాటల యాప్ రాయాలని, అందులో పాట మొదలయ్యే ముందు రేడియో వరుసలోనే నాలుగు వివరాలూ కనిపించాలని ఆ పూట అనుకున్నాను. నాలుగు ఆదివారాల పని అనుకున్నది నాలుగు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పాటలు నా దగ్గర లేవు, వాటి హక్కులూ లేవు. కాబట్టి ఏదైనా పాటల సేవ బయటి ప్రోగ్రాముల కోసం తెరిచి ఉంచే ఏపీఐ అనే దారి మీదనే ఈ యాప్ నిలబడాలి. 2019 ఫిబ్రవరి 26న భారతదేశంలో అడుగుపెట్టిన స్పాటిఫైకి మా ఇంట్లో ప్రీమియం ఖాతా ఉంది, దాని ఏపీఐ గురించిన పత్రాలు కూడా విపులంగా ఉన్నాయి, అందుకే దాన్ని ఎంచుకున్నాను. ఇక్కడ కొత్తవారు సాధారణంగా పడే పొరపాటు ఒకటుంది, నేనూ పడ్డాను. వెబ్ ఏపీఐని ఒక పాట గురించి అడిగితే అది పాటను ఇవ్వదు. పాట పేరు, కళాకారుల జాబితా, ఆల్బమ్, మిల్లీసెకన్లలో నిడివి, ముఖచిత్రం చిరునామా, ఆ రికార్డింగుకు కేటాయించిన ఐఎస్ఆర్‌సీ అనే అంతర్జాతీయ గుర్తింపు కోడు, ఇలాంటి సమాచారం మాత్రమే ప్రోగ్రాములు చదువుకునే జేసన్ అనే రాత రూపంలో పంపుతుంది. శబ్దం మాత్రం ఫోనులో విడిగా ఉన్న స్పాటిఫై యాప్ నుంచే రావాలి. మనం రాసిన యాప్ దానికి యాప్ రిమోట్ అనే ఎస్‌డీకే (యాప్ రాసేవారికి ఇచ్చే పనిముట్ల కట్ట) ద్వారా "ఇది పాడు, ఇక్కడ ఆపు" అని చెప్పగలదు, అంతే. ఇలా బయటి యాప్ నుంచి కోరిన పాటను కోరినప్పుడు పాడించాలంటే ప్రీమియం ఖాతా ఉండాలి. అంటే నేను రాసిన పాటల యాప్‌లో పాట ఒక్కటీ లేదు.

నాన్నగారిది ఆండ్రాయిడ్ ఫోను. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్కది ఐఫోను. నాన్నగారికి ఏదైనా చేస్తే అది తనకూ ఉండాలని అక్క చిన్నప్పటి నుంచీ పట్టుబడుతుంది, కాబట్టి రెండు ఫోన్లలోనూ నడిచే యాప్ రాయక తప్పలేదు. ఒకే కోడుతో రెండింటికీ యాప్ తయారుచేసే పద్ధతుల్లో 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో మొదటి స్థిర రూపం అందుకున్న గూగుల్ వారి ఫ్లట్టర్ బాగా వాడుకలో ఉన్నాయి. నేను ఫ్లట్టర్ తీసుకోవడానికి కారణం తెలుగే. ఫ్లట్టర్ తెర మీది అక్షరాలను ఫోను అందించే పరికరాలతో కాకుండా తానే గీసుకుంటుంది. మనం ఎంచుకున్న ఫాంటును యాప్‌తో పాటే పంపితే రెండు ఫోన్లలోనూ అక్షరం ఒకే తీరుగా కనిపిస్తుంది. ఆ నమ్మకం వమ్ము కాలేదు గానీ, వరుసకూ వరుసకూ మధ్య ఎత్తును ఇంగ్లీషు యాప్‌లలో పెట్టినట్టే పెట్టినందువల్ల మొదట్లో వత్తుల కాళ్లు తెగిపోయాయి. "క్ష్మి" కింద మకారపు వత్తు సగం మాత్రమే కనబడింది. ఎత్తును దాదాపు ఒకటిన్నర రెట్లు చేసిన తరువాతే అక్షరాలకు ఊపిరి ఆడింది.

తెలుగు అక్షరాల లెక్క ఇంకో తికమక. "లక్ష్మి" అన్న మాటలో మనకు కనిపించేవి రెండే అక్షరాలు. ఫ్లట్టర్ యాప్‌లు రాసే డార్ట్ భాషలో దాని పొడవు అడిగితే ఏడు అంటుంది, ఎందుకంటే అది లకారం, కకారం, పొల్లు, షకారం, మళ్లీ పొల్లు, మకారం, గుడి అని ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కిస్తుంది. గాయకుల ఫొటో లేనిచోట పేరులోని మొదటి అక్షరాన్ని ఒక గుండ్రని బిళ్లలో చూపిద్దామని ఆ లెక్కలోని మొదటి ముక్కను కత్తిరించి తీసుకుంటే "శ్రీ"తో మొదలయ్యే పేర్లన్నీ ఒట్టి "శ"గా మిగిలాయి. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1 నుంచి తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం చేరింది. అంతకు ముందరి నియమాలతో నడిచే లైబ్రరీలు "శ్" ఒకచోట, "రీ" ఒకచోట పడేస్తాయి. ఆ తగవులోకి దిగకుండా, పొల్లు తరువాత హల్లు వస్తే కలిపి ఉంచే పది వరుసల కోడు నేనే రాసుకున్నాను.

ఇక లాగిన్ సంగతి. స్పాటిఫై ఖాతాతో మన యాప్ పనిచేయాలంటే ఆ ఖాతాదారు అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి పద్ధతి పేరు ఓఆథ్. పాత పాఠాలలో యాప్‌కు ఒక రహస్య సంకేతం ఇచ్చి దాన్ని కోడులో పెట్టమని రాసి ఉంటుంది. ఫోను యాప్‌లో అది పనికిరాదు. ఏపీకే ఫైలును, అంటే ఆండ్రాయిడ్ యాప్ మూటను, విప్పి చూడటం తెలిసినవారికి అందులో ఏ రహస్యమూ దాగదు. అందుకే ఫోను యాప్‌ల కోసం పీకేసీఈ అనే అదనపు ఏర్పాటు 2015లో వచ్చింది. ఇంద్రకీలాద్రి కింద చెప్పుల స్టాండులో మనకిచ్చిన టోకెను ఎవరికైనా దొరికితే వాళ్లు మన చెప్పులు తొడుక్కుని దర్జాగా వెళ్లిపోవచ్చు. కానీ చెప్పులు అప్పగించేటప్పుడే వాటికి మనం పెట్టుకున్న గుర్తు ఒకటి మూతకట్టి ఇచ్చి, తీసుకునేటప్పుడు ఆ గుర్తేమిటో నోటితో చెప్పాలన్న నియమం ఉంటే ఒట్టి టోకెను దొరికినవాడికి లాభం లేదు. పీకేసీఈ చేసేది ఇదే. యాప్ ముందుగా 43 నుంచి 128 అక్షరాల యాదృచ్ఛిక పదబంధం ఒకటి తయారుచేసి తన దగ్గర దాచుకుంటుంది; దాన్ని ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో ముద్దచేసి ఆ ముద్దను మాత్రం ముందు పంపుతుంది; అనుమతి చీటీ వచ్చిన తరువాత దాన్ని టోకెనుగా మార్చుకునేటప్పుడు అసలు పదబంధాన్ని చూపుతుంది. మధ్యలో ఇంకో యాప్ ఆ చీటీని కాజేసినా అసలు పదబంధం తెలియదు కాబట్టి దానికి టోకెను రాదు.

ఇంత చక్కటి ఏర్పాటును నేను ఒక పెద్దక్షరంతో పాడుచేసుకున్నాను. లాగిన్ పూర్తయ్యాక బ్రౌజరు తిరిగి మన యాప్‌కు రావడానికి ఒక రిడైరెక్ట్ చిరునామా ఉంటుంది, దాని ముందు భాగంలో యాప్ పేరును స్కీముగా పెట్టుకోవచ్చు. చూడటానికి అందంగా ఉంటుందని నేను ఆ పేరు మధ్యలో ఒక రోమన్ పెద్దక్షరం పెట్టాను. బ్రౌజరు దాన్ని చిన్నక్షరం చేసి పంపుతుంది, ఆండ్రాయిడ్ మాత్రం అక్షరం అక్షరం సరిపోల్చుతుంది, కాబట్టి అనుమతి ఇచ్చిన తరువాత తెల్లటి పేజీ దగ్గర అంతా ఆగిపోయేది. రెండు సాయంత్రాలు పీకేసీఈ లెక్కను అనుమానిస్తూ కూర్చున్నాను. అది సరిచేసి, అసలు ఏపీకే తయారుచేసి నాన్నగారి ఫోనులో వేస్తే అక్కడ ఇంకో గోడ అడ్డొచ్చింది. ఆండ్రాయిడ్‌లో యాప్ రిమోట్ పనిచేయాలంటే యాప్ ప్యాకేజీ పేరును, యాప్ నాదేనని రుజువు చేసే సంతకపు తాళం తాలూకు ఎస్‌హెచ్‌ఏ 1 వేలిముద్రను, యాప్‌లు రాసేవారి కోసం స్పాటిఫై నడిపే డ్యాష్‌బోర్డులో నమోదు చేయాలి. నేను నమోదు చేసింది పరీక్షలకు వాడే తాళం వేలిముద్ర; నాన్నగారి ఫోనులో వేసింది విడుదల తాళంతో సంతకం చేసిన యాప్. రెండు వేలిముద్రలూ నమోదు చేశాక తలుపు తెరుచుకుంది. మొదటి రోజే రెండూ నమోదు చేసుకోండి.

స్పాటిఫై ఇచ్చే యాక్సెస్ టోకెను 3600 సెకన్లు, అంటే గంటసేపే చెల్లుతుంది. ఆ తరువాత రిఫ్రెష్ టోకెను చూపించి కొత్తది తెచ్చుకోవాలి. మధ్యాహ్నం కునుకు తీసి లేచి నాన్నగారు యాప్ తెరిస్తే ఒక్కోసారి మళ్లీ లాగిన్ అవ్వమనేది. ముందుపేజీ తెరుచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు ఒకేసారి వెళ్లేవి, మూడింటికీ గడువు తీరిందన్న జవాబే వచ్చేది, మూడూ ఎవరికివారే రిఫ్రెష్ చేయడానికి పరుగెత్తేవి. మొదటిదానికి కొత్త రిఫ్రెష్ టోకెను కూడా వచ్చేది, పాతది పట్టుకుని వెనక వచ్చినవి తిరస్కారానికి గురయ్యేవి, నా కోడు ఆ తిరస్కారాన్ని చూసి బెంబేలెత్తి ఖాతానే మూసేసేది. ఒకరు రిఫ్రెష్ చేస్తుంటే మిగిలినవారు వరుసలో ఆగాలని చెప్పడమే దీనికి మందు. ఏపీఐకి ప్రశ్నలు పంపిపెట్టే డియో ప్యాకేజీలో ఇందుకోసం ఇంటర్‌సెప్టర్ అనే వరుసకట్టే కాపలాదారు సిద్ధంగానే ఉంది.

ఇంతవరకూ చెప్పినవి ఏ భాషవారికైనా ఎదురయ్యే తిప్పలే. మనకు ప్రత్యేకమైన తిప్పలు వెతకడం దగ్గర మొదలయ్యాయి. నాన్నగారు పాట పల్లవిని తెలుగులోనే టైపు చేస్తారు. పాత తెలుగు పాటల పేర్లు మాత్రం ఎక్కువగా రోమన్ లిపిలోనే ఎక్కి ఉన్నాయి, అవీ ఎవరి చేతివాటం వారిది. ఘంటసాల పేరులో మొదటి అక్షరం పక్కన "హెచ్" పెట్టేవారున్నారు, పెట్టనివారున్నారు. సుశీల గారి శకారానికి కొందరు "ఎస్, హెచ్" రాస్తారు, కొందరు ఒట్టి "ఎస్" రాస్తారు. దీర్ఘానికి ఒకరు "ఈ"ని రెండుసార్లు కొడితే ఇంకొకరు "ఐ" ఒక్కసారి కొట్టి ఊరుకుంటారు. తెలుగువారు తకారానికి "టీ" పక్కన "హెచ్" చేరుస్తారు, ఉత్తరాది అలవాటు ఉన్నవారు "టీ"తోనే సరిపెడతారు, దాంతో అది తకారమో టకారమో చదివేవారి అదృష్టం మీద ఆధారపడుతుంది. ణకారానికీ నకారానికీ, ళకారానికీ లకారానికీ రోమన్ లిపిలో తేడాయే లేదు. ఇక మన సంధుల సంగతి సరేసరి: పల్లవిలో ఒకే ఊపిరిలో పలికే మాటను ఒకరు కలిపి రాస్తారు, ఒకరు రెండుగా, మరొకరు మూడుగా విడగొడతారు.

తెలుగులో కొట్టిన మాటను రోమన్‌లోకి మార్చి, వచ్చే వీలున్న రెండు మూడు వర్ణక్రమాలతో ఏపీఐని అడిగి, వచ్చిన జవాబులన్నిటినీ ఫోనులోనే మళ్లీ వరుస పెట్టడం నేను ఎంచుకున్న దారి. వరుస పెట్టడానికి రెండు వైపులా మాటను ఎముకల గూడుగా మార్చాను: ఖాళీలు తీసేయడం, దీర్ఘాలను హ్రస్వాలు చేయడం, మహాప్రాణాలలోని "హెచ్" ఎగరగొట్టడం, తకార టకారాలను ఒక్కటి చేయడం. మొదటి ప్రయత్నంలో అత్యుత్సాహంతో అచ్చులన్నీ తీసిపారేశాను. పాట, పేట, పూత, పీత అన్నీ ఒకే గూడు అయిపోయాయి. నాన్నగారు "పాట" అని కొట్టిన పాపానికి పట్టికలో సంబంధం లేనివన్నీ దిగబడ్డాయి. అచ్చులను వెనక్కి తెచ్చి, వాటి పొడవును మాత్రమే మరిచిపోయే పద్ధతి పెట్టాక దారికి వచ్చింది. రెండు గూళ్ల మధ్య ఎన్ని అక్షరాలు మారిస్తే ఒకటి మరొకటి అవుతుందో లెక్కించే లెవెన్‌స్టైన్ దూరం 1965 నాటి ఆలోచన. తక్కువ దూరం ఉన్నది పైన, ఎక్కువ ఉన్నది కింద. తకారాన్నీ టకారాన్నీ కలపడం భాషాపరంగా అపచారమే. కానీ అక్కడ రాసినవారే కలిపేసినప్పుడు వెతికేవారు విడదీసి సాధించేదేమీ లేదు.

నొక్కిన ప్రతి అక్షరానికీ ఏపీఐని అడగకూడదని కూడా ఇక్కడే నేర్చుకున్నాను. "వె" కొట్టగానే ఒక ప్రశ్న, "వెన్" అనగానే ఒకటి, "వెన్నె" అనగానే ఇంకొకటి, ప్రతిదానికీ మూడు వర్ణక్రమాలు. స్పాటిఫై ముప్పై సెకన్ల కిటికీలో వచ్చిన ప్రశ్నలను లెక్కపెట్టి, హద్దు దాటితే 429 అన్న జవాబు పంపుతుంది. ఎన్ని సెకన్లు ఆగి రావాలో ఆ జవాబుతోపాటే చెబుతుంది. వేలు ఆగి నాలుగు వందల మిల్లీసెకన్లు గడిచాకే ప్రశ్న పంపేలా మార్చాను.

పాట దొరికిందనుకుందాం. అసలు ప్రశ్న, నాన్నగారు అడిగినది, అప్పుడు వస్తుంది. ఏపీఐ ఇచ్చే వివరాలలో కళాకారుల జాబితా ఒక్కటే ఉంది. అందులో ఒకచోట గాయకులే ఉంటారు, ఒకచోట సంగీత దర్శకుడు ముందుండి గాయకులు వెనక ఉంటారు, ఒకచోట సంగీత దర్శకుడు ఒక్కరే ఉండి పాడినవారి ఊసే ఉండదు. ఎవరు పాడారో, ఎవరు బాణీ కట్టారో విడమరిచే గడి లేదు. పాట రాసినవారి పేరుకు చోటే లేదు. పింగళి నాగేంద్రరావు, ఆత్రేయ, కొసరాజు, కృష్ణశాస్త్రి, వేటూరి, వీరందరూ ఆ జాబితాకు బయటివారే. సేవ సొంత యాప్‌లో మెనూ లోపల వివరాల పేజీ ఉన్నా అది బయటి ప్రోగ్రాములకు అందే జేసన్‌లోకి రాదు. తెలుగువాడు "ఆత్రేయ పాట" అంటాడు, "వేటూరి పాట" అంటాడు; ఆ మాట పట్టుకుని వెతికే దారి నాకు కనబడలేదు. రేడియోలో అరనిమిషంలో చెప్పేసే నాలుగు వివరాలలో రెండు గజిబిజిగా, ఒకటి అసలు లేకుండా పోయాయి. చిత్రం పేరు మాత్రం ఆల్బమ్ పేరు రూపంలో కొంత మెరుగు, అదీ పాట సంకలనంలో కాక చిత్రం ఆల్బమ్‌లో దొరికితేనే.

సంవత్సరం మీద కూడా ఆశ పెట్టుకున్నాను. ఘంటసాల 1974లో కన్నుమూశారు; ఆయన పాటల సంకలనానికి విడుదల తేదీ ఈ శతాబ్దంలో కనబడితే ఏం చేయాలి? అది ఆ సంకలనం డిజిటల్‌గా వచ్చిన తేదీ, చిత్రం వచ్చిన తేదీ కాదు. పోనీ ఐఎస్ఆర్‌సీ కోడులో సంవత్సరానికి రెండంకెలున్నాయి కదా అనుకుంటే, అవి కోడు కేటాయించిన సంవత్సరాన్ని చెబుతాయే గానీ రికార్డింగు జరిగిన సంవత్సరాన్ని కాదు. పైగా ఆ కోడుల ప్రమాణమే 1986లో వచ్చింది. నలుపు తెలుపు రోజుల పాటకు అందులో వయసు దొరకదు.

అప్పుడు బీరువా తెరిచాను. పదకొండు పుస్తకాలలో నాలుగు గడులూ నిండి ఉన్నాయి. నాకు కావలసిన దత్తాంశం రెండడుగుల దూరంలో, నాఫ్తలీన్ ఉండల వాసనతో ఉంది. సాయంత్రాలు నాన్నగారు చదివేవారు, నేను ఎక్కించేదాన్ని. ప్రతి పాటకూ ఏపీఐలో దొరికిన రికార్డింగు ఐఎస్ఆర్‌సీని తాళంచెవిగా పెట్టి, పక్కన నాలుగు గడులూ తెలుగులో రాసి ఒక చిన్న పట్టిక తయారుచేశాను. ఒకే పాట నాలుగు సంకలనాలలో నాలుగు గుర్తింపు సంఖ్యలతో ఉన్నా ఐఎస్ఆర్‌సీ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. రెండు కోడులు పడిన పాటలూ ఉన్నాయి, అలాంటిచోట రెండింటికీ ఒకే వరుసను ముడిపెట్టాను. యాప్ పాటను చూపేటప్పుడు ముందు ఈ పట్టికను చూస్తుంది, లేకపోతేనే ఏపీఐ చెప్పినదాన్ని చూపిస్తుంది.

ఈ ఎక్కించడంలోనే నాన్నగారి పుస్తకాల లోపాలూ బయటపడ్డాయి. చాలాచోట్ల "సముద్రాల" అని మాత్రమే ఉంది. అది సముద్రాల రాఘవాచార్యా, ఆయన కుమారుడు రామానుజాచార్యా? సీనియరో జూనియరో అనౌన్సరు చెప్పే ఉంటారు, తానే తొందరలో వదిలేశానని నాన్నగారు ఒప్పుకున్నారు. ఒక్కొక్క పాటకూ ఆయన తన మిత్రులకు ఫోను చేసి అడగడం మొదలుపెట్టారు. పాట గురించి మొదలైన మాట మోకాళ్ల నొప్పుల మీదుగా తిరిగి పాటకు వచ్చేసరికి గంట దాటేది. ఏ ఏపీఐ కూడా ఇంత నెమ్మదిగా జవాబివ్వదు. అయితే వచ్చిన జవాబుల్లో ఇంతవరకూ తప్పు దొరకలేదు. "ఎస్. రాజేశ్వరరావు", "సాలూరి రాజేశ్వరరావు" ఒక్కరే అని యాప్‌కు చెప్పడం మాత్రం నాకు ఒక్క నిమిషం పని.

మధ్యలో నాకు నేనుగా తవ్వుకున్న గొయ్యి ఒకటుంది. పాట వేగం, ఉత్సాహం వంటి అంకెలను బట్టి పొద్దుటి పాటలు, రాత్రి పాటలు అని విడగొడదామని, ఒక పాత పాఠం చూసి ఆడియో ఫీచర్లు అడిగే కోడు రాసుకున్నాను. 403, అంటే అనుమతి లేదన్న జవాబు వచ్చింది. ఆడియో ఫీచర్లు, ఆడియో విశ్లేషణ, సిఫారసులు, సంబంధిత కళాకారులు వంటివి కొత్త యాప్‌లకు ఇకపై ఇవ్వబోమని స్పాటిఫై 2024 నవంబర్ 27నే ప్రకటించింది. తేదీ చూడకుండా పాఠం నమ్మడం నా తప్పు. పెద్ద నష్టం జరిగిందని కూడా అనుకోను. మన పౌరాణిక చిత్రాలలో సగం ప్రాణం పద్యాలే. రాగం తీస్తూ తాళం లేకుండా పాడే పద్యానికి నిమిషానికి ఎన్ని దరువులో యంత్రం ఏ అంకె చెప్పినా దాన్ని ఎవరు నమ్ముతారు?

పాడించే భాగం త్వరగానే తేలింది. మొదట వెబ్ ఏపీఐ ద్వారానే పాడమని ఆదేశం పంపాను. స్పాటిఫై యాప్ ఆ సమయానికి మేలుకుని లేకపోతే చురుకైన పరికరం ఏదీ లేదంటూ 404 వచ్చేది. యాప్ రిమోట్‌కు మారాక, ఫ్లట్టర్ కోసం బయటివారు రాసిన స్పాటిఫై ఎస్‌డీకే ప్యాకేజీతో ఆ బెడద తగ్గింది. ఫోను లాక్ తెర మీది మీటలు, ఫోను వస్తే పాట ఆగడం వంటి పనులన్నీ స్పాటిఫై యాప్ చూసుకుంటుంది. సొంత ఫైళ్లు పాడించే యాప్ అయితే ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోర్‌గ్రౌండ్ సర్వీసు రకాన్ని కూడా ప్రకటించాలి, ఐఫోనులో నేపథ్యపు అనుమతి విడిగా కోరాలి. అవేవీ నాకు అక్కర్లేకపోయాయి.

ముఖచిత్రం మీద రచయిత పేరును తెలుగులో పెద్దగా వేద్దామనుకున్నాను. స్పాటిఫై నియమాల ప్రకారం ముఖచిత్రాన్ని కత్తిరించకూడదు, దాని మీద రాతలు రాయకూడదు, చిన్న తెరల మీద మూలలను నాలుగు పిక్సెళ్ల మేర మాత్రమే గుండ్రం చేయాలి. చిత్రాన్ని చిన్నదిగా పక్కకు జరిపి, మిగిలిన తెరంతా నాలుగు వరుసల తెలుగుకు ఇచ్చాను. ఆలోచిస్తే రేడియోకు బొమ్మే లేదు కాబట్టి నాన్నగారికి అదే నచ్చింది.

ఈ యాప్‌ను ప్లే స్టోరులో పెట్టమని చుట్టాలు అడుగుతున్నారు. పెట్టే ఉద్దేశం లేదు. 2025లో నేను నమోదు చేసుకున్నప్పుడు అభివృద్ధి దశలోని యాప్‌ను డ్యాష్‌బోర్డులో పేరు చేర్చిన 25 మంది వరకే వాడే వీలుండేది. ఆ పైకి వెళ్లాలంటే ఆ సంవత్సరం మే నెల నుంచి సంస్థ అయి ఉండాలి, నెలకు రెండున్నర లక్షల మంది వాడుకరులు ఉండాలి. ఈ నియమాలు తరచూ మారుతుంటాయి, కాబట్టి మొదలుపెట్టేవారు ఆ రోజు పత్రాన్ని చదువుకుని దిగాలి. మా ఇంటి లెక్కకు అప్పటి ఆ 25 సరిపోయింది.

అక్క ఐఫోను సంగతి వేరు. ఐఫోను యాప్ తయారుచేయడానికి మ్యాక్ కావాలి, అది బావగారి దగ్గర ఉంది. ఏటా 99 డాలర్లు కట్టి డెవలపర్‌గా చేరకుండా ఒట్టి ఆపిల్ ఖాతాతో సంతకం చేసిన యాప్ ఏడు రోజులే బతుకుతుంది. అందుకని ఆదివారం ఆదివారం గుంటూరు బండెక్కి, బ్రాడీపేటలో భోజనం చేసి, యాప్‌ను మళ్లీ వేసి వస్తున్నాను. డబ్బు కట్టేయమని బావగారు అంటారు, అక్క మాత్రం వద్దంటుంది.

పట్టికలో ఇంకా ఎక్కని పుస్తకాలు మూడున్నాయి. ఎక్కిన వాటిలోనూ కొన్ని వరుసల్లో "రచన" గడిలో పేరు ఉండదు, దాని బదులు "కరెంటు పోయింది" అని నాన్నగారి చేతిరాత ఉంటుంది. అనౌన్సరు చిత్రం పేరు చెప్పి రచయిత దగ్గరికి వచ్చేసరికి మా పేటలో కరెంటు పోయిన పూటలవి. నేను వాటిని ఖాళీగా వదిలేశాను. యాప్ చూసి ఆయన అభ్యంతరం చెప్పారు: పేరు తెలియదనడం వేరు, ఆ పూట వినలేకపోయామనడం వేరట. అందుకని ఇప్పుడు ఆ పాటలు మొదలయ్యే ముందు తెర మీద చిత్రం పేరు, దాని కింద "రచన: కరెంటు పోయింది" అని వస్తాయి. అలాంటివి ముప్పై నాలుగు ఉండేవి. నిన్న రాత్రి తెనాలి నుంచి ఆయన మిత్రుడు ఫోను చేశాక ముప్పై మూడయ్యాయి.